మందు నిలవని ఒళ్లు

బుజ్జీ,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. నేనిప్పుడు మల్కాపురం నుంచి బస్సెక్కి, ఫార్మసీ కాలేజీలో ఎలుకలను చూసుకునే పనికి వెళ్తున్నాను. వాటిలో కొన్నింటికి నీ జబ్బే ఉంది, ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకునే సిస్టిక్ ఫైబ్రోసిస్. అన్నింటికీ నీకు వేసిన మందే ఇచ్చి రక్తం పరీక్షించారు. నీ జబ్బున్న వాటి ఒంట్లోంచి మందు తొందరగా బయటికి పోయిందని ఈ రోజు ఆ పరీక్షలు చేసే మేడమ్ చెప్పింది.

"మా పాపకీ అలాగే అయ్యుంటాదా, మేడమ్? ఏళకి మందెయ్యలేదని మా అత్త ఇప్పటికీ నన్నే అంతాది," అన్నాను.

"అయ్యుండొచ్చమ్మా. నువ్వు వేళకి వేసినా ఒంట్లో నిలిచుండదు," అంది.

నీ జబ్బున్న ఎలుకల బోనులో నీళ్లు మార్చాను.

నీలాంటి పిల్లలకు ఎంత డోసు కావాలో తేలాలంటే ఇంకా చాలా చూడాలట. రేపటి నుంచి ఎలుకలకు డోసు పెంచుతారు. రేపు నాకు సెలవే. అయినా వెళ్తాను.

అమ్మ