కొర్రల డబ్బాలో ఫోను

మంగళవారం, కడప హాస్టల్

నిన్న నా ఫోను నీళ్ళ బకెట్లో పడింది. రూమ్మేట్ నస్రీన్ దాన్ని తుడిచి, ఇంటినుంచి తెచ్చుకున్న కొర్రల డబ్బాలో పూడ్చిపెట్టింది. "కొర్రలు తేమంతా లాగేస్తాయి మే. రేపు సాయంత్రందాకా మూత తియ్యగాకు," అంది.

పత్తికొండలో అమ్మ ఒక్కతే ఉంది. రోజూ పడుకునే ముందు నాకు ఫోన్ చేస్తుంది. నిన్న చేసే ఉంటుంది. నస్రీన్ ఫోన్ నుంచి చేద్దామంటే అమ్మ నంబరు నాకు నోటికి రాదు. ఇన్నేళ్ళూ ఆ పేరు మీద నొక్కడమే తప్ప నంబరు ఎప్పుడు చూశాను?

ఇవాళ క్లాసులో ఒళ్ళో ఏదో వణికినట్టయి మాటిమాటికీ తడుముకున్నాను. ఒళ్ళో ఏమీ లేదు.

సాయంత్రం డబ్బా తెరిస్తే ఫోను చల్లగా ఉంది, ఎంత నొక్కినా వెలగలేదు. సిమ్ముతో సహా రిపేరు షాపులో ఇచ్చి వచ్చాం.

ఇప్పుడిది రాస్తుంటే మంచం కింద, డబ్బాలోంచి జుయ్యిమని చప్పుడు. క్లాసులో లాంటి భ్రమేలే అనుకున్నాను. మళ్ళీ వచ్చింది. అందులో కొర్రలు తప్ప ఏమీ లేవు.

నస్రీన్ కళ్ళు తెరవకుండానే గోడవైపు తిరిగింది.

"ఎత్తు మే. శానాసేపట్నుంచి మోగుతాండాది. మీ అమ్మేమో."