మీరాబీకి నేనన్న సరే

7 డిసెంబరు 2000, గురువారం రాత్రి

మనవరాలు మీరాబీ గుంటూరు హాస్టలు నుంచి మా ఊరి ఫోన్ బూత్‌కి ఫోన్ చేసి అందరి ఆరోగ్యం వరసగా అడిగింది. వాళ్ల నాన్నకి దగ్గు తగ్గిందని, అమ్మకి నడుం నొప్పి అలాగే ఉందని, నా కళ్లు ఫరవాలేదని చెప్పాను. అప్పుడు గొంతు తగ్గించి, "నానమ్మా, మార్కులు తగ్గాయని నన్ను వెనక సెక్షన్లో వేశారు. ఇక నా వల్ల కాదు. వచ్చి ఇంటికి తీసుకెళ్లిపో, సరేనా?" అని ఏడ్చింది.

దాని నాన్న, నా కొడుకు ఖాసిం, బూత్‌లో నా పక్కనే ఉన్నాడు. ఏమనను? "సరేనమ్మా" అన్నాను.

"ఏంటే అమ్మా, ఏమంటుంది మన డాక్టరమ్మ?" అన్నాడు వాడు.

"బాగా చదువుతుందంట్రా."

మురిసిపోయాడు. ఎంసెట్ అయ్యేదాకా రంజానుకి కూడా పంపొద్దని కాలేజీలో చెప్పొచ్చింది వాడే. దాన్ని డాక్టరు చెయ్యమని వాణ్ణి పోరింది మాత్రం నేను. ఇప్పుడు ఆ చదువు ఏ నోటితో వద్దంటాను? దాన్ని అక్కడే ఉండమని ఏ నోటితో అంటాను?

అది పెట్టె సర్దుకుని గేటు దగ్గర నిలబడుతుంది. వీడు దానికివ్వాలని కొత్త పుస్తకాలు కట్ట కట్టి పెట్టాడు. పొద్దున్నే చెప్పేస్తే... వాడి మొహం చూడగలనో లేదో.

పదో తారీకు ఆదివారం, మొదటి బస్సుకి గుంటూరు వెళ్తున్నాం, నేనూ వాడూ ఇద్దరం.