కాపరి విద్యకు నేను వేసిన తప్పు కట్టు

ఓర్వకల్లు గుట్టల దగ్గర బండలు కొట్టి బతికిన ఉరుకుందప్ప అనే నేను, వయసు అరవై నాలుగు, నా భార్య సుంకమ్మకు, కొడుకు మహానందికి, ఈ కాగితాన్ని అమలు జరిపించవలసిన బడిపంతులు శ్రీనివాసులు గారికి తెలియజేయునది: రాతిదుమ్ము నా రొమ్ములో చేరింది గాని బుద్ధిలో చేరలేదు. ఎవరి బెదిరింపూ, బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో చెప్పి రాయిస్తున్నాను. తొందరపడి రాయిస్తున్నది జబ్బువల్ల కాదు, పోయిన నెల ఒక బుధవారం బయటపడిన సంగతివల్ల. అది ఆరో అంశంలో ఉంది. ముందు ఆస్తి.

1. మూడెకరాల మెట్టచేను, ఇల్లు సుంకమ్మ అనుభవించి, ఆమె తదనంతరం మహానందికి చెందవలెను. ఆ చేనులో వాన పడిన ఏడాది కొర్రలు, పడని ఏడాది రాళ్లు పండుతాయి. దానికోసం ఎవరూ కొట్లాడనక్కరలేదు.

2. నా ఉలులు, సుత్తులు మహానందికి. పెద్ద సమ్మెటను నా తమ్ముడు చిన్న ఈరన్న ఒక్క పూటకని తీసుకుపోయి పన్నెండేళ్లయింది. దాన్ని అతనికే రాస్తున్నాను. ఎట్లాగూ తేడు.

3. నా వెండి మొలతాడు సుంకమ్మకు. కాళ్లకు కడియాలు లేవని నలభై ఏళ్లలో ఒక్కనాడు అనలేదు. కరిగించి చేయించుకోవలెను, లోకం ఏమన్నా తొడుక్కోవలెను.

4. అరుగు మీది ఆటబండ నేను చెక్కినది, నలభై తొమ్మిది గళ్లు. ఊరికి తెలిసినదే అయినా కాగితం మీద ఉండాలి. ఆడే ప్రతివాడూ ఒక వేషం ఎంచుకుంటాడు. నేను కథ చెబుతాను. గవ్వలు పడినదాన్ని బట్టి వేషాలు నడుస్తాయి, దెబ్బలాడతాయి. ఎవరు ఏ విద్య అడిగితే అది కల్పించి ఇస్తాను, విద్య ఎంతో, దాన్ని తూచే లోటుగా అంత కట్టు కూడా వేస్తాను. సుంకమ్మ వేషం పసరుమందులామె. చచ్చినవాణ్ణి లేపగలదు, లేపిన వంతు వరసలో తాను కదలలేదు. మహానంది బందిపోటు రెండు గళ్లు దూకుతాడు, దూకితే కొట్టలేడు. ఈ తూకం నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని పాతికేళ్లు మీసం తిప్పాను.

5. ఆట నియమాలు పదిహేడు, పంతులు గారు వేరే కాగితం మీద రాశారు. అది మహానందికి. కథ చెప్పేటప్పుడు వాడు మరీ అరవకూడదు.

6. నా చిన్ననాటి స్నేహితుడు గిడ్డయ్యది గొర్రెల కాపరి వేషం. దెబ్బ పడబోతే పక్క గడిలోకి తప్పుకునే విద్య అడిగాడు. ఇచ్చాను. మూడుసార్లు తప్పుకుంటే ఒక వరస నిద్రపోవాలని కట్టు వేశాను. ఆ తర్వాత వాడు ఓడలేదు. వరుసగా పద్నాలుగు ఆటలు! 1948 ఎండాకాలంలో, పదకొండు మంది చూస్తుండగా, సొంత గవ్వల్లో సీసం పోసి తెచ్చాడని అరిచి వాటిని బావిలో విసిరేశాను. ఒక్కటైనా పగలగొట్టి చూడలేదు. తొమ్మిదేళ్లు గిడ్డయ్య మా వాకిలి తొక్కలేదు.

ఆ బుధవారం పంతులు గారికి నియమాలు చెబుతున్నాను. నాలుగోది: నిద్రపోయే వేషాన్ని ఎవరూ కొట్టకూడదు. మా వైపు పగవాడినైనా లేపి కొడతారు గాని పడుకున్నవాణ్ణి కొట్టరు, అందుకని ఆట మొదలైన ఏడాదే ఆ నియమం పెట్టాను. పదకొండోది గిడ్డయ్య కట్టు. పంతులు గారు కలం ఆపి, నిద్రలో దెబ్బే తగలనప్పుడు నిద్ర కట్టు ఎట్లవుతుందని అడిగారు.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది.  నేను వేసిన కట్టే వాణ్ణి కాపాడుతూ వచ్చింది! కొత్త గవ్వలు తెప్పించి, మంచం మీదే అన్ని వేషాలూ నేనొక్కణ్ణే ఆడి చూశాను. పదింట తొమ్మిది కాపరివే. గిడ్డయ్య మోసం చేయలేదు. తప్పు నాది. 

7. ఇకపై కాపరికి ఐదు గొర్రెల మంద ఉండవలెను, అతను నిద్రపోయిన ప్రతిసారీ అందులో ఒకటి పోవలెను. ఐదూ పోతే ఆట పోయినట్టే. ఇరవైసార్లు ఆడి చూశాను, తూకం సరిపోయింది. మహానందీ, నా మాట నమ్మవద్దు, నువ్వూ ఆడి చూడు.

8. ఆటబండ గిడ్డయ్యకు చెందవలెనని రాయించి, క్షమించమని అడగడానికి నిన్న పంతులు గారిని పంపాను. అతను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు: "బండ నాకేల? తొమ్మిదేండ్లుగా ఈ ఊర్లో ఎవురు చేనమ్మినా, కొన్నా నన్ను సాక్షికి పిల్సలేదప్పా. దొంగ సాక్షి అంటారని. ఆ కాగితానికి నేను సాక్షి సంతకం పెడతా. అది సాలు."

అరుగు మీద కోపంలో అన్న మాట అంత దూరం పోయిందని నాకు ఈనాటి దాకా తెలియదు. సిగ్గుతో రాయిస్తున్నాను. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉంటే రేపు తగాదా అని పంతులు గారన్నారు. కనుక బండను మహానంది పేర మార్పించాను. ఈ వీలునామా వల్ల గిడ్డయ్యకు ఏమీ చెందదు.

9. దీన్ని నేను పోయాక చదవడం కాదు. రేపు ఆదివారం, ఆనాటి పదకొండు మందిలో బతికున్న తొమ్మిది మందిని అరుగు మీదికి పిలిచి పంతులు గారు చదవవలెను. నేను కూర్చుని వింటాను.

దుర్ముఖి సంవత్సర ఫాల్గుణం, 1957 మార్చి 9, శనివారం.

ఉరుకుందప్ప చేవ్రాలు

రాసినవారు: శ్రీనివాసులు

సాక్షులు:
1. ఓబన్న, బండల కూలి, ఎడమచేతి వేలిముద్ర.
2. గిడ్డయ్య, చేవ్రాలు. ఉరుకుందప్ప తెలివితోనే ఉండాడు. నా కండ్ల ముందరే సంతకం పెట్టినాడు. ఈ మాటకు నేను సాక్షి.