దావ చెప్పే ఫోన్

4, సోమవారం
పెద్దాయన కొడుకు, మా చిన్నాయన, బెంగళూరు నుంచి కొత్త పద్ధతి పట్టుకొచ్చె. ఆఫీసు మెయిలూ క్యాలెండరూ అందరి ఫోన్లలో ఒకటే కనపడాలంట. ఒకచోట రాస్తే అన్నిచోట్లా మారాలంట. "నాయనకు, నాకు, నీకు — మూడు ఫోన్లు చూసి తీసుకోక్కా." వాళ్ళ ఆఫీసులో కంప్యూటరు ముందర కూర్చుండేది నేనే గదా.

పెద్దాయన పార్టీ మనిషి. అవతల పార్టీ వాళ్ళు కాపు కాస్తారని, ఆయన ఏ దావన పోయేదీ డ్రైవరుకు గూడా గేటు కాడనే చెప్తారు. ఆ డ్రైవరు మా ఆయన. యాడికి పోతాండావని పెండ్లయినప్పటి నుంచి ఒక్కసారి అడగల్యా నేను. పోయేవాళ్ళను అట్లడిగితే శకునం మంచిది కాదనేది మా అమ్మ. నాకు శకునం కన్నా ప్రాణభయం.

ఇప్పుడు ఆ దావలన్నీ నేనే ఫోన్‌లో రాయాల!

5, మంగళవారం
ప్రొద్దుటూరు బజారు. మస్తాన్ బాయ్ ఫోన్ల అంగడి. ఒక ఫోన్‌లో ఆఫీసు అకౌంటు వేసి చూస్తి. మెయిలు వస్తాంది, క్యాలెండరు రాల్యా. ఎంతసేపని చూసేది! "వద్దు బాయ్, ఇది మొండిది." దాన్ని ఆడనే ఇచ్చేసి ఇంకో రకం మూడు తీసుకుంటి.

7, గురువారం
బాగానే ఉండాయి కొత్తవి. పెద్దాయన అద్దాలు ముక్కు మీదికి దించి చూసుకుంటాండాడు. "ఏమ్మే, ఇంక ఇది చెప్పినట్ల నడుచుకోవల్లనా నేను?" అని నవ్వె. నాకు నవ్వు రాల్యా.

మా ఆయన ఈ పొద్దు జమ్మలమడుగు పోతాడని నిన్ననే తెలుసు నాకు. ఈయనకే తెలీదు. అన్నం పెడతా ముఖం చూడలేకపోతి.

9, శనివారం
ఆ మొండి ఫోన్‌లో అకౌంటు తీసేసినానా?

10, ఆదివారం
తీయల్యా.

అంగడికి పోతి. "అమ్ముడుపాయక్కా." ఎవురికి? అవతల పార్టీ వాళ్ళ జీపులో తిరిగే మనిషికి. "మర్నాడే మళ్ళా వచ్చె. ఎవురివో మీటింగులు మోగుతాండాయి బాయ్ అనె. తీసేస్తా ఈడియ్యప్పా అంటి. కాసేపు చూసుకొని... వద్దులే, ఉండనీ అనె."

బాయ్ నవ్వుతా చెప్తాండాడు. ఆ పొద్దు రాని క్యాలెండరు ఆలస్యంగా వచ్చిండాదన్నమాట. కౌంటరు పట్టుకొని నిలబడితి.

11, సోమవారం
పాస్‌వర్డు మారిస్తే చాలు, ఆ ఫోన్‌కు ఏమీ పోదు. కానీ మార్చేది చిన్నాయన చేతిలో ఉంది. ఎందుకంటాడు. ఏం చెప్పాల?

నాకు ముందుండిన గుమాస్తా... అవతల వాళ్ళకు దావ చెప్పినాడని అనుమానం, అంతే. చెప్పులు పెన్న ఏటి ఒడ్డున దొరికె. మనిషి దొరకల్యా. రుజువు ఎవురడిగిరి? మొగుడు కారు తోలె, పెండ్లాం దావ రాసె — మమ్మల్ని నమ్ముతారా?

12, మంగళవారం
ఈయనకు చెప్పబోతి. "ఏందే, ముఖం అట్లుంది?" "తలకాయ నొప్పి." థూ, నా నోరు పడిపోను.

13, బుధవారం
రేపు పులివెందుల. ముద్దనూరు మింద పోతారు, రాయమనె చిన్నాయన. రాస్తి. ఆడ ఆ జీపు నా బట్ట గూడా ఫోన్‌లో చూస్తాంటాడు గదా.

సాయంత్రం ఉపాయం తట్టె. ముద్దనూరు కొట్టేసి 'వీరపునాయునిపల్లె మింద' అని మారిస్తి. కాచుకోనీ ఆడ, తెల్లార్లూ. మనోళ్ళు ముద్దనూరు దావన పోతారు. ఇన్నాళ్ళకు కడుపు నిండా తింటి.

14, గురువారం
ఈయన బయలుదేరె. ఫోన్ ఎప్పటి మాదిరి టీవీ కాడ పెట్టి పాయ — కారు తోలేవాళ్ళ కాడ ఫోన్ ఉండగూడదు. యాడికని అడగల్యా.

ఆఫీసుకొస్తి. గేటు కాడ వాచ్‌మన్: "పెద్దాయన కార్లో కూర్చొని ఫోన్ చూసుకొనె మేడమ్. దావ మార్చినారే, వీరపునాయునిపల్లె మింద పోనీ, అనె మీ ఆయనతో."

ఓర్నాయనో. ఒకచోట రాస్తే అన్నిచోట్లా మారుతుంది. వాడి ఫోన్‌లో మారితే పెద్దాయన ఫోన్‌లో మారదా? నా తెలివి మన్నుగాను!

మళ్ళా ముద్దనూరని మారిస్తే? వాడికీ కనపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్ చేసి నోటితో చెప్పాల, అంతే. చెప్తే — అవతలోళ్ళు చూస్తాండారని నీకెట్ల తెలుసంటారు. అడిగేది ఈయన్ను గూడా...

కొడితి. పెద్దాయన ఎత్తె. "ఏమ్మే?" వెనక హారన్. ఈయన కొట్టేదే, అట్ల రెండుసార్లు. "అయ్యా..." అని మాత్రం అంటి. "సిగ్నల్ ల్యా" అని పెట్టేసె.

చెప్తా. ఈసారి చెప్తా, ఏమైనా కానీ.

మళ్ళా కొడితి. మోగుతాంది... ఎత్తడం ల్యా.