హెర్నియా అన్నవ్ గదక్కా

అక్కా,

ఇయ్యాలటికి నువ్వు పోయి ఏడాది. మిర్యాలగూడల మీ ఇంట్ల సంవత్సరీకం పెట్టిండ్రు. నేను పోలే. నీ మీద కోపంతోనే పోలే.

అటు పోకుండ కోదాడ వదినను సూర్యాపేట దవాఖానకు తోల్కపోయిన. వదిన గూడ నీ లెక్కనే పొట్ట తగ్గే ఆపరేషన్ చేయించుకున్నది. కుట్లు మానినయ్ గని, చర్మం కింద నీళ్లు ఊరి పొట్ట మళ్ల ఉబ్బింది. "ఎవరికీ చెప్పమాకు, నవ్వుతారు" అని ఫోన్‌ల గుసగుసలాడింది. నాకు ఒళ్లు మండింది. "నవ్వేటోళ్ల నోట్ల మన్నువడ, నడువ్" అని బస్సెక్కించిన.

డాక్టరమ్మ స్కానింగ్‌ల సూసుకుంట సూదితోని నీళ్లు తీసింది. "మళ్ల ఊరుతయి, మళ్ల తీస్తం, మెల్లగ ఆగిపోతయి. బెల్టు మాత్రం తియ్యకు" అన్నది. గంతే అక్కా. వదిన బయటికొచ్చి సోడా తాగింది.

నువ్వేమో అందరికీ హెర్నియా అని చెప్పినవ్. నాక్కూడ. నువ్వు పోయినంక నీ దవాఖాన కాయితాలు సూస్తెనే అసలు సంగతి తెలిసింది. బెల్టు ఒరుస్తుందని ఇసిరేసి, బాలింతకు కట్టినట్టు అమ్మ పాత చీర కట్టమన్నవ్. నేనే బిగిచ్చి కట్టిన. నీకు గూడ గట్లనే నీళ్లు ఊరితె, పెద్ద దవాఖానకు పోదామంటే మొండికేసి, ఇంటికొచ్చే ఆర్‌ఎంపీతోని నీళ్లు తీయించుకున్నవ్. చీము పట్టి ఒళ్లంత పాకింది.

ఆయన సూది వట్టుకొని "ఏం ఆపరేషన్ అమ్మా?" అని అడిగిండు, యాదికున్నదా? "హెర్నియా" అని ధీమాగ చెప్పింది నేను. నువ్వు మంచం మీద పండుకొని, నా మొకం సూసుకుంటనే ఊకున్నవ్.