క్యాన్ నీళ్లు, సిగరెట్ పొగ

ఏసుబాబూ, నీ పెళ్లాం మహిమనూ బిడ్డనూ పుట్టింటి నుంచి పిలుచుకొని రావడానికి ప్రొద్దుటూరు బస్సుకు పోతున్నాను. సంగటి, ఊరుబిండి పచ్చడి గంప కింద పెట్టాను. తిని, ఇల్లు ఊడ్చి ఉంచు.

మన పక్క యురేనియం తవ్వుతున్నారని, రేడియేషన్ నీళ్లలో కలుస్తుందని భయపడి, బాలింతకు బోరు నీళ్లు వద్దని క్యాన్ తెచ్చావు. తండ్రివి, నీ భయం తప్పు కాదు. కానీ ఆ క్యాన్ పక్కనే కూర్చుని సిగరెట్ తాగుతావు. పొగాకులోనూ కొంచెం రేడియేషన్ ఉంటుందని కాన్పు చేసిన డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. "అంగట్లో అమ్మేదాంట్లో అది యాడుంటాదమ్మా?" అన్నాను. "ఆకులోనే ఉండాది పెద్దమ్మా. ఇంకా విషాలు శానా ఉండాయి" అంది.

నీళ్లు మార్చినవాడివి, ఇదీ మానగలవు నాయనా.

అమ్మ

బిడ్డ నీ వాసన ఇంకా ఎరగదు. సాయంత్రం మొదటిసారి నీ చేతుల్లో పెడతాను. బిడ్డకు తెలిసే నీ మొదటి వాసన పొగ వాసన కాకుండా చూసుకో.