ఏడేళ్లు దాటిన ఫైళ్లు

మార్చి 3, మంగళవారం

ఇవాళ బోర్డు దింపించాను. నాలుగు స్క్రూలూ తుప్పు పట్టి ఉంటే మరిది నానా తంటాలు పడి ఊడదీశాడు. బోర్డు ఉన్నచోట గోడ మీద తెల్లటి చదరం మిగిలింది.

ఇరవై రెండేళ్లు ఈ ముందుగదిలో కూర్చుని మనుషులు చెప్పేది విన్నాను. బోర్డు మీద కౌన్సెలర్ అని ఉన్నా నిజానికి చేసింది అంతే, వినడం. ఇప్పుడు చెవులు పోయాయి. పూర్తిగా కాదు. చెవి డాక్టరు గ్రాఫు చూపించి, గొంతులు వినిపిస్తాయండీ, మాటల అంచులే వినిపించవు అన్నాడు. మిషన్ పెట్టుకున్నా కొంతవరకేనట. ఎప్పటినుంచి ఇలా అయి ఉంటుందని అడిగాను. పదేళ్లు పైనే అన్నాడు.

ఇనప బీరువాలో నాలుగు అరల నిండా ఫైళ్లున్నాయి. మనిషి చివరిసారి వచ్చి ఏడేళ్లు దాటితే ఫైలు నాశనం చెయ్యాలి, దాటకపోతే మా కౌన్సెలర్ల సంఘానికి అప్పజెప్పాలి. పాత పేపర్లవాడికి వెయ్యకూడదు. చేత్తో చింపితే చెల్లదు. నాశనం అనేది వాళ్ల ఉత్తరంలోని మాటే.

ష్రెడ్డర్ కొనాలి.


మార్చి 4, బుధవారం

కొనడం దండగ వదినా అని మరిది తన ఆఫీసులో మూలనపడ్డ ష్రెడ్డర్ మోసుకొచ్చాడు. కాగితాన్ని పొడుగ్గా రిబ్బన్లలా కోస్తుంది. పాత ఫైలొకటి పెట్టి చూశాను. కాగితం అడ్డంగా పెట్టినట్టున్నాను. బుట్టలోంచి ఒక రిబ్బను తీస్తే, దాని మీద లైను లైనంతా ఉంది. “ఆయన పోయాక ఆకలి ఎక్కువైంది, సిగ్గేస్తోంది అంది.” నా చేతిరాతే. ఆవిడ ఎవరో వెంటనే గుర్తొచ్చింది.

నిలువుగా పెడితే సరి కదా అంది చెల్లి. వందో కాగితం దగ్గర ఎటు పెడతానో నాకేం తెలుసు?

మిషన్ వెనక్కి పంపించేశాను. మరిది మొహం మాడ్చుకున్నాడు.


మార్చి 6, శుక్రవారం

ఆఫీసు సామాన్ల షాపుకి వెళ్లాను. సేల్స్‌మన్ మంచివాడు. నా సంగతి రెండు నిమిషాల్లో కనిపెట్టి, మొహం నాకేసి పెట్టి నిదానంగా మాట్లాడాడు.

క్రాస్ కట్ అయితే ఒక కాగితం నాలుగు వందల ముక్కలు అవుతుందట. మైక్రో కట్ అయితే రెండు వేలు. మైక్రో కట్‌కి ఒకసారికి ఆరు కాగితాలే పెట్టాలి, నూనె వేస్తుండాలి, ఐదు నిమిషాలు నడిస్తే అరగంట చల్లారనివ్వాలి. క్రాస్ కట్ పన్నెండు కాగితాలు మింగుతుంది, పిన్నులతో సహా. ఇరవై నిమిషాలు ఆగకుండా నడుస్తుంది. పైగా చప్పుడు తక్కువండీ అన్నాడు. చప్పుడు సంగతి వదిలెయ్ బాబూ అన్నాను. నవ్వాలో వద్దో తెలియక వారంటీ కార్డు సర్దుకున్నాడు.

చివరికి, మీకు ఎంత రహస్యం కావాలండీ అని అడిగాడు. మామూలు ప్రశ్నే. క్రాస్ కట్ తీసుకున్నాను.


మార్చి 8, ఆదివారం

రెండు అరలు అయిపోయాయి. చదవకూడదు అనుకుని కూర్చున్నాను. చదువుతూనే ఉన్నాను. పెళ్లి, మందు, చదువు, అత్త, భయం. బుట్ట నిండగానే సంచిలోకి దులపడం. ముక్కలు చీరకి, జుట్టుకి, చెప్పులకి అంటుకుంటున్నాయి. చెల్లి వచ్చి చూసి, మంచులో నిలబడ్డట్టున్నావక్కా అంది.

నాలుగో అరలో లిఫ్ట్ మెకానిక్ ఫైలుంది. దానికి ఈ పన్నెండుతో ఏడేళ్లు నిండుతాయి. పదమూడున చించొచ్చు. ఆ తారీఖు కోసం ఫైలు తెరిచి చూడాల్సిన పని లేదు నాకు.


మార్చి 10, మంగళవారం

ఫోన్ చెల్లి తీసింది. ఎవరో ఆడమనిషి. చనిపోయిన తమ్ముడి రెయిన్‌కోటు ఇన్నాళ్లకి ఎవరికో ఇద్దామని తీస్తే జేబులో నా అపాయింట్‌మెంట్ కార్డు దొరికిందట. ఒకసారి కలవాలి అందట. చెల్లికి ఏమీ తెలియదు, గురువారం రమ్మని చెప్పేసింది. ఆ సంగతి నా చెవిలో అరిచి చెప్పింది.

లిఫ్ట్ మెకానిక్ అక్క.

అతనికి అప్పుడు ముప్పై ఎనిమిది. తోటి పనివాడు తన కళ్లముందే లిఫ్టు గోతిలో పడి చచ్చిపోయాక అతనికి నిద్ర కరువైంది. మూడు నెలలు ప్రతి మంగళవారం వచ్చాడు. మార్చి పన్నెండున ఆఖరుసారి. పంతొమ్మిదిన రాలేదు. పని చేసేచోటికి ఫోన్ చేస్తే, నిన్న పొద్దున ప్రాణం తీసుకున్నాడండీ అన్నారు. నా దగ్గరికి వచ్చేవాడని వాళ్లకి తెలియదు. ఇంట్లోవాళ్లకీ తెలియదని అర్థమైంది. ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.


మార్చి 12, గురువారం

పదింటికి వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుందట. పొద్దున ట్రిప్పు అయ్యాక ఖాళీ బస్సు మా ఇంటి ముందే ఆపుకుంది. యాభై దాటాయి. ఖాకీ చొక్కా, బిగించి కట్టిన జడ, అరచేతుల్లో స్టీరింగు కాయలు. అతను కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. అది ఆమెకి తెలియదు. మాట తప్పిపోకుండా ఆమె పెదాల మీదే కళ్లు పెట్టాను.

వాడు మీకేం చెప్పేవాడు మేడమ్, ఏదన్నా రాసుకుని ఉంటారు కదా, నా గురించి ఏమన్నా ఉందా అని అడిగింది.

పాతవన్నీ చించేశానమ్మా అన్నాను. ఎదురుగా మిషన్, పక్కన మూడు సంచుల ముక్కలు. నమ్మడానికేం కష్టం?

తలూపింది. లేచి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. తనే చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడు వాళ్ల మేడ మీద గదిలో ఉండేవాడట. పోయిన ముందురోజు ఆదివారం. పనికి పోవడం మానేసి నాలుగు రోజులుగా గోడకేసి తిరిగి పడుకునే ఉన్నాడని ఒళ్లు మండి, నిన్ను చూస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు, ఎక్కడికన్నా పో అందట.

“పో అన్నాను మేడమ్. పోయాడు.”

ఏడవలేదు. ఏడేళ్లుగా రోజూ చెప్పుకుంటున్న మాటలా చెప్పింది. మధ్యాహ్నం ట్రిప్పుకి టైమవుతోందని వెళ్లిపోయింది.

ఆ ఫైలు నేను కూర్చున్న కుర్చీకి మూడడుగుల దూరంలో, నాలుగో అరలో ఉంది.


మార్చి 13, శుక్రవారం

ఇవాళ్టి నుంచి చించొచ్చు.


మార్చి 14, శనివారం

ఫైలు తీశాను. మార్చి పన్నెండు కాగితం అన్నిటికన్నా పైన ఉంది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

“ప్రశాంతంగా ఉన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి నవ్వాడు. స్పానర్ల సెట్టు ఇంకో మెకానిక్‌కి ఇచ్చేశాడట, ఇక అక్కర్లేదని. వేరే పని చూసుకునే ఆలోచన కావచ్చు. వచ్చే మంగళవారం ఉంటానన్నాడు.”

చదువుకున్నదాన్ని. చావడానికి సిద్ధపడ్డవాళ్లే సొంత వస్తువులు ఇలా ఇచ్చేస్తారని తెలియాల్సినదాన్ని. నవ్వాడని సంతోషించి ఊరుకున్నాను.

ఆఖరి ముక్క ఇంకా ఘోరం. బయట అకాల వాన. అతను తలుపు దగ్గర నాకు వీపు పెట్టి రెయిన్‌కోటు వేసుకుంటున్నాడు. వచ్చే మంగళవారం ఉంటారుగా అని అడిగాను. ఏదో చిన్న మాట అన్నాడు. ఉంటాను. ఉండను. రెంటికీ మధ్య ఉన్నది అంచే. నాకు వినిపించనిది అదే.

మళ్లీ అడగొచ్చు. ఆ రోజు అప్పటికే ఇద్దరిని ఏమన్నారు, ఏమన్నారు అని అడిగి ఉన్నాను. మూడోసారి అడిగితే ఈవిడకి చెవుడు అనుకుంటారని సిగ్గుపడ్డాను. నాకు కావలసిన మాట రాసుకున్నాను.

అతనేమన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ స్పానర్లు ఇచ్చేసింది ఆదివారం గొడవ తర్వాత కాదు. అంతకు ముందే. ఆవిడ పో అనక ముందే అతను బయల్దేరాడు. ఆ సంగతి లోకంలో ఒక్క కాగితం మీదే ఉంది. దాని మీదే నా సంగతీ ఉంది.

ష్రెడ్డర్ స్విచ్చి వేశాను. పచ్చలైటు వెలిగింది. పది నిమిషాలు కాగితం పట్టుకుని నిలబడ్డాను. మిషన్ తనంతట తనే ఆగిపోయింది, వాడకపోతే ఆగుతుందట.


మార్చి 15, ఆదివారం

చనిపోయినవాళ్ల మాటలు కూడా బయటపెట్టకూడదు. అది మొదటి నియమం. దాని వెనక దాక్కోవడం ఎంత తేలికో.

ఆమె కార్డు చూసి ఫోన్ చేసిన నంబరుకి మెసేజ్ పెట్టాను. మీతో అబద్ధం చెప్పాను, ఫైలు ఉంది, రండి అని.


మార్చి 17, మంగళవారం

వచ్చింది. కూర్చోలేదు. కాగితం చేతికిచ్చాను. నిలబడే రెండుసార్లు చదివింది.

“ఇది మంగళవారమేనా?”

“అవును.”

“ఆదివారానికి ముందు మంగళవారం?”

అవునన్నాను. “అయితే నేను అనక ముందే...” అని ఆగిపోయింది. కుర్చీ అంచు మీద కూర్చుండిపోయింది. తారీఖు మీద వేలు పెట్టి మళ్లీ చూసింది.

అక్కడితో ఆపి ఉంటే నాకు దణ్ణం పెట్టి వెళ్లేది. ఆపలేదు. చెవుల సంగతి, తలుపు దగ్గరి మాట, మళ్లీ అడగకపోవడం, అన్నీ చెప్పాను. ఆవిడ తారీఖు మీదనుంచి వేలు తీసేసింది.

“మళ్లీ అడిగితే చెప్పేవాడా?”

అతను నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. చెప్పేవాడన్నాను.

“చెప్పుంటే మీరేం చేసేవాళ్లు?”

“ఆ రోజు ఒంటరిగా పంపేదాన్ని కాదు. మీకు ఫోన్ చేసేదాన్ని.”

మొన్న చించేశానని ఎందుకన్నారు అని అడిగింది. భయమేసి అన్నానని చెప్పాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంది. మీ మీద ఎక్కడ చెప్పుకోవాలి అంది. సంఘం అడ్రసు పెద్దక్షరాలతో రాసిచ్చాను. అలవాటు కొద్దీ థాంక్సండీ అనబోయి, మధ్యలో మింగేసింది.


మార్చి 18, బుధవారం

చెల్లికి చెప్పాను. ఏడేళ్లు మాతో కలిసి ఎలా నవ్వావక్కా అంది. అన్నం తినకుండా వెళ్లిపోయింది.


మార్చి 30, సోమవారం

సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు అందిందట. విచారణ ఏప్రిల్ ఇరవైన. మిగిలిన ఫైళ్లు ముట్టుకోవద్దు, బీరువాకి సీలు వేయడానికి మనిషి వస్తాడు అని రాశారు. ఇన్నాళ్లూ నా దగ్గరికి వచ్చినవాళ్లందరి ఫైళ్లూ తిరగేస్తారేమో. తిరగెయ్యనీ. మరిది లాయరు పేరొకటి చెప్పాడు. వద్దన్నాను.


ఏప్రిల్ 7, మంగళవారం, పొద్దున 7.50

కిటికీ అద్దం అదిరితే బయటికొచ్చాను. ఇంటి ముందు స్కూలు బస్సు. నిండా పిల్లలు. ఈ వీధి ఆమె రూటులో లేదు. తలుపు తెరిచింది, దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నన్నే చూసింది. పిల్లలు కూడా చూశారు. పెదాలు కదిలాయి. ఏమన్నారు అని గట్టిగా అడిగాను. ఏమన్నారు అని మళ్లీ అడిగాను.

తలుపు మూసి, బస్సు తీసుకుని వెళ్లిపోయింది.

రేపు ఏడున్నరకే మెట్ల మీద కూర్చుంటాను.